ప్రింట్‌కే పెడితే మాయమయ్యే బగ్: కెర్నల్‌లో ట్రేస్‌పాయింట్లు ఎక్కడ, ఎలా పెట్టాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎస్‌పీఐ బస్ (చిప్‌లను కలిపే సీరియల్ దారి) మీద ఉన్న ఒక సెన్సర్‌కి లినక్స్ డ్రైవర్ రాశారు. సెన్సర్ క్రమం తప్పకుండా ఇంటరప్ట్ (సీపీయూని పిలిచే సంకేతం) ఇస్తుంది, మామూలుగా ఒక మిల్లీసెకను లోపే శాంపిల్ యాప్‌కి చేరుతుంది. గంటకో రెండు గంటలకో ఒకసారి మాత్రం 20 మిల్లీసెకన్లు ఆలస్యమవుతోంది. డ్రైవర్‌లో నాలుగు చోట్ల ప్రింట్‌కే (కెర్నల్ కోడ్‌లోంచి లాగ్ లైను రాసే ఫంక్షన్) పెడితే ఆలస్యం రావడం మానేసింది, తీసేస్తే మళ్లీ మొదలైంది. ట్రేస్‌పాయింట్లు (కోడ్‌లో ముందే పెట్టి, అవసరమైనప్పుడు ఆన్ చేసుకునే నమోదు చోట్లు) వాడమని ఎవరో సలహా ఇచ్చారు. అవి లోపల ఎలా పనిచేస్తాయి, కస్టమర్‌కి ఇచ్చే కెర్నల్‌లో వాటిని వదిలేస్తే సిస్టమ్ స్లో అవదా అని అడిగారు.

వదిలేయొచ్చు. నన్నడిగితే వదిలేయాలి కూడా. ఫెడోరా, ఉబుంటు, ఆండ్రాయిడ్ కెర్నల్స్ అన్నీ అలాగే వస్తాయి. ఒక డెస్క్‌టాప్ డిస్ట్రో కెర్నల్‌లో వెయ్యికి పైగా ఇలాంటి ఈవెంట్లు, అంటే ట్రేస్‌పాయింట్లు నమోదు చేసే సంఘటనలు, నిద్రపోతూ ఉంటాయి. అది ఎలా సాధ్యమో తెలిస్తే మీ డ్రైవర్‌లో పాయింట్ ఎక్కడ పెట్టాలో కూడా మీకే తెలుస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ప్రింట్‌కే మీ బగ్‌ని ఎందుకు మింగేసిందో లెక్క వేసి చూద్దాం. మీ బోర్డులో కన్సోల్ సీరియల్ పోర్టు మీద ఉండి ఉంటుంది, స్పీడు 115200 అనుకుందాం. ఒక్కో అక్షరానికి స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ కలిపి 10 బిట్లు. అంటే సెకనుకు 11,520 అక్షరాలు. 80 అక్షరాల లైను ఒకటి బయటికి పోవడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది. చాలా కాలంగా ఉన్న పద్ధతిలో ఈ పంపే పని ప్రింట్‌కేని పిలిచిన సీపీయూ మీదే, పిలిచిన చోటే జరిగిపోవచ్చు. మీరు పెట్టిన నాలుగు లైన్లకు 28 మిల్లీసెకన్లు. మీరు వెతుకుతున్న ఆలస్యం 20 మిల్లీసెకన్లు! వెతుకుతున్నదానికంటే వెతికే సాధనమే ఎక్కువ సమయం తింటోంది. మీ థ్రెడ్, దానికి అడ్డుపడే మరో థ్రెడ్ సరిగ్గా ఒకే క్షణంలో ఎదురుపడితేనే ఈ బగ్ వస్తుంది. ప్రింట్‌కే ఆ క్షణాన్నే జరిపేసింది. కన్సోల్‌కి వేరే థ్రెడ్ కేటాయించే పద్ధతి కొత్త కెర్నల్స్‌లో వస్తోంది కానీ, సీరియల్ డ్రైవర్ కూడా దానికి తగ్గట్టు మారితేనే ఆ లాభం దక్కుతుంది.

సమయం ఒక్కటే కాదు, లాకుల ఇబ్బంది కూడా ఉంది. షెడ్యూలర్ (ఏ థ్రెడ్‌కి సీపీయూ ఇవ్వాలో తేల్చే భాగం) తన రన్‌క్యూ లాక్ పట్టుకుని ఉన్నప్పుడు మామూలు ప్రింట్‌కే పిలిస్తే, అది కన్సోల్ కోసం ఎదురుచూస్తున్న మరో టాస్క్‌ని లేపబోయి మళ్లీ అదే లాక్ అడగవచ్చు. అక్కడికక్కడే డెడ్‌లాక్, ఇక ఎవరూ ముందుకు కదలరు. అందుకే షెడ్యూలర్ లాంటి చోట్ల వాడటానికి ప్రింట్‌కే డిఫర్డ్ అని వేరే ఫంక్షన్ పెట్టాల్సి వచ్చింది.

ఇక్కడ పట్టుకోవాల్సిన విషయం ఒక్కటే. ప్రింట్ చేయడం వేరు, నమోదు చేయడం వేరు. ప్రింట్ అంటే అంకెల్ని అక్షరాలుగా మార్చి, వరస పేర్చి, బయటికి తోసే పని. నమోదు అంటే కొన్ని బైట్లను ఉన్నవి ఉన్నట్టుగా మెమరీలో రాసుకుని ముందుకు పోవడం. అక్షరాలుగా మార్చే పని తర్వాత, తీరిగ్గా, ట్రేస్ ఫైలు చదివేవాడి ఖర్చుతో జరుగుతుంది. ట్రేస్‌పాయింట్ చేసేది ఈ రెండోది.

ఇప్పుడు ఆఫ్‌లో ఉన్నప్పుడు ఖర్చు సంగతి. పంట కాలువ గట్టున తూము ఉందనుకోండి. మూసి ఉన్నంతసేపూ కాలువ నీరు దాన్ని పట్టించుకోకుండా పారుతుంది. తలుపు ఎత్తితే ఆ చోటునుంచి కొంత నీరు పక్క బోదెలోకి మళ్లుతుంది. ట్రేస్‌పాయింట్ అలాంటిదే. మొదట్లో ఈ తలుపు ఒక వేరియబుల్: దాన్ని మెమరీ నుంచి చదివి, సున్నానా కాదా అని చూసి, దాన్నిబట్టి దారి మళ్లేవాళ్లు. ఒక్కసారికి అది చిన్న పనే. సెకనుకు లక్షలసార్లు నడిచే కోడ్‌లో వందల చోట్ల పెడితే మాత్రం చిన్నది కాదు. అందుకే 2.6.37 కెర్నల్‌లో జంప్ లేబుల్ అనే పద్ధతి వచ్చింది, దాన్నే ఇప్పుడు స్టాటిక్ కీ అంటున్నాం. ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ చోట ఏ పరీక్షా ఉండదు. ఏమీ చేయని ఒక నాప్ ఇన్‌స్ట్రక్షన్ మాత్రం ఉంటుంది. ఎక్స్86లో అది సాధారణంగా 5 బైట్లు, ఏఆర్‌ఎం64లో 4 బైట్లు. ట్రేస్ చేసే అసలు కోడ్‌ని కంపైలర్ ఫంక్షన్ చివరకు తోసేస్తుంది కాబట్టి మామూలుగా నడిచే దారికి అది అడ్డురాదు.

మీరు ఈవెంట్‌ని ఆన్ చేసినప్పుడు, నడుస్తున్న కెర్నల్ కోడ్‌లోనే ఆ నాప్‌ని జంప్‌గా మార్చేస్తారు. వేరే సీపీయూలు అదే క్షణంలో అదే చోటు మీదుగా పోతూ ఉండవచ్చు కాబట్టి ఇది జాగ్రత్తగా చేయాల్సిన పని. ఎక్స్86లో ముందు మొదటి బైట్‌ని బ్రేక్‌పాయింట్‌గా మార్చి, అన్ని సీపీయూలకూ ఆ మార్పు తెలిసేలా చేసి, మిగతా బైట్లు రాసి, చివరగా మొదటి బైట్‌ని సరిచేస్తారు. మధ్యలో ఎవరైనా అక్కడికి వస్తే బ్రేక్‌పాయింట్ హ్యాండ్లర్ వాళ్లను సరైన దారికి పంపేస్తుంది. ఏఆర్‌ఎం64లో నాప్‌కీ బ్రాంచ్‌కీ మధ్య మార్పు ఇంత తంతు లేకుండానే చేసుకోవచ్చని ఆర్కిటెక్చరే హామీ ఇస్తుంది.

నడుస్తున్న కోడ్‌ని మార్చడం ఆషామాషీ కాదని 2008లో అందరికీ తెలిసొచ్చింది. 2.6.27 ఇంకా పరీక్షల దశలో ఉండగా, ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ కార్డుల్లోని శాశ్వత మెమరీ చెడిపోయి, కార్డులే పనికిరాకుండా పోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. అందరి అనుమానమూ నెట్‌వర్క్ డ్రైవర్ మీదే. అసలు కారణం ఎక్కడో ఉంది. అప్పటి డైనమిక్ ఎఫ్‌ట్రేస్ (ఏ ఫంక్షన్లు నడిచాయో నమోదు చేసే కెర్నల్ సాధనం), ఫంక్షన్ మొదటిసారి నడిచినప్పుడు దాని అడ్రస్ రాసుకుని, తర్వాత తీరిగ్గా వచ్చి అక్కడ కోడ్ మార్చేది. ఈలోగా ఆ మాడ్యూల్ ప్రారంభ కోడ్ తాలూకు మెమరీ ఖాళీ అయి, అవే అడ్రసులు కార్డు రిజిస్టర్లకు కేటాయింపు కావచ్చు. ఎఫ్‌ట్రేస్ వాడింది కంపేర్ ఎక్స్‌చేంజ్ ఇన్‌స్ట్రక్షన్. పాత విలువ సరిపోలకపోతే ఏమీ మారదులే అని అనుకుంటాం. కానీ ఎక్స్86లో పోలిక తప్పినా ఆ ఇన్‌స్ట్రక్షన్ రాత చక్రాన్ని పూర్తి చేస్తుంది. మామూలు మెమరీలో దానివల్ల నష్టం లేదు, హార్డ్‌వేర్ రిజిస్టర్ మీద మాత్రం అది నిజమైన రాత. 2.6.27.1లో డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ని ఆపేశారు. తర్వాతి వెర్షన్లో మార్చాల్సిన చోట్లన్నిటినీ కంపైల్ సమయంలోనే జాబితా రాసిపెట్టే పద్ధతికి మారారు. ఈరోజు మనం ధైర్యంగా ట్రేసింగ్ ఆన్ చేస్తున్నామంటే అప్పటి ఆ వెతుకులాట వల్లే.

ఆన్ చేశాక ఖర్చు ఉంటుంది, దాన్ని మర్చిపోవద్దు. ఒక్కో రికార్డుకు యంత్రాన్నిబట్టి వంద, రెండొందల నానోసెకన్ల స్థాయి అనుకోండి. సీరియల్ లైనుకు పట్టే 7 మిల్లీసెకన్లతో పోలిస్తే ఇది పదివేల రెట్లకు పైగా తక్కువ. ఇంత తక్కువలో కావడానికి కారణం రింగ్ బఫర్, అంటే నిండాక మళ్లీ మొదటినుంచి రాసుకునే మెమరీ. ప్రతి సీపీయూకి దాని బఫర్ దానికే ఉంటుంది, కాబట్టి రాసేటప్పుడు ఇంకో సీపీయూతో పోటీ లేదు, లాక్ లేదు. ముందు చోటు రిజర్వ్ చేసుకుని, నింపి, కమిట్ చేస్తారు. ఒకరు రాస్తుండగా ఇంటరప్ట్ వచ్చి దాని మధ్యలో ఇంకొకటి రాసినా, ఎన్‌ఎంఐ (ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్) వచ్చినా బఫర్ చెడదు. టైమ్‌స్టాంప్ కూడా పూర్తిగా రాయరు. ముందు ఈవెంట్ నుంచి గడిచిన తేడాను 27 బిట్లలో రాస్తారు, అది నానోసెకన్లలో దాదాపు 134 మిల్లీసెకన్ల దాకా సరిపోతుంది. అంతకంటే ఎక్కువ గ్యాప్ వస్తేనే అదనపు రికార్డు.

ఇక మీ బగ్ దగ్గరకు వద్దాం. చాలామంది ఇక్కడ తొందరపడి సొంత ట్రేస్‌పాయింట్ రాయడానికి కూర్చుంటారు. మీరు ముందు ఒక్క లైను కోడ్ కూడా మార్చొద్దు. మీ ఆలస్యానికి కావాల్సిన సాక్ష్యంలో ఎక్కువ భాగం కెర్నల్‌లో ముందునుంచీ ఉన్న ఈవెంట్లలోనే దొరుకుతుంది. ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్) హ్యాండ్లర్ ఎంట్రీ, ఎగ్జిట్. షెడ్ వేకింగ్ (థ్రెడ్‌ని లేపడం), షెడ్ స్విచ్ (సీపీయూ ఒక థ్రెడ్ నుంచి ఇంకోదానికి మారడం). ఎస్‌పీఐ గ్రూపులో మెసేజ్ సబ్మిట్, స్టార్ట్, డన్. పవర్ మేనేజ్‌మెంట్ కోసం ఆర్‌పీఎం సస్పెండ్, ఆర్‌పీఎం రెజ్యూమ్. ట్రేస్ఎఫ్ఎస్ (ట్రేసింగ్‌ని ఫైళ్లుగా చూపే ఫైల్ సిస్టమ్) డైరెక్టరీలోని ఈవెంట్స్ ఫోల్డర్‌లో వీటి పేర్లు కనిపిస్తాయి. ఒక్కోదాని ఎనేబుల్ ఫైల్లో 1 రాస్తే చాలు.

శాంపిల్ ప్రయాణాన్ని గొలుసుగా చూడండి. ఇంటరప్ట్ వచ్చింది, హార్డ్ హ్యాండ్లర్ నడిచింది, అది మీ ఇంటరప్ట్ థ్రెడ్‌ని లేపింది, థ్రెడ్‌కి సీపీయూ దొరికింది, అది ఎస్‌పీఐ మెసేజ్ పంపింది, మెసేజ్ పూర్తయింది, యాప్‌ని లేపింది, యాప్‌కి సీపీయూ దొరికింది. 20 మిల్లీసెకన్లు ఈ లింకుల్లో ఏదో ఒకదాని మధ్యే ఉంటాయి. ఏ రెండింటి మధ్య ఉన్నాయన్నదాన్నిబట్టి దోషి మారిపోతుంది.

సెన్సర్ క్రమంగా ఇంటరప్ట్ ఇస్తుంది కాబట్టి, వరుసగా వచ్చే హ్యాండ్లర్ ఎంట్రీల మధ్య గ్యాప్‌ పెరిగిందేమో ముందు చూడండి. పెరిగి ఉంటే ఆ సీపీయూ మీద ఎవరో ఇంటరప్ట్‌లను ఆపేసి కూర్చున్నారు. అప్పుడు ఐఆర్‌క్యూస్ ఆఫ్ అనే ట్రేసర్‌ని వాడితే, ఇంటరప్ట్‌లు ఎక్కువసేపు ఆగిన చోటు స్టాక్‌తో సహా చూపిస్తుంది. ఎంట్రీ సమయానికే వచ్చి, షెడ్ వేకింగ్ కూడా వెంటనే వచ్చి, మీ థ్రెడ్‌లోకి షెడ్ స్విచ్ మాత్రం ఆలస్యమైతే, మధ్యలో ఆ సీపీయూని వాడుకున్నది ఎవరో అదే షెడ్ స్విచ్ లైన్లలో పేరుతో సహా ఉంటుంది. ఇంటరప్ట్ థ్రెడ్లు మామూలుగా ఫైఫో షెడ్యూలింగ్‌లో 50 ప్రయారిటీతో నడుస్తాయి. ట్రేస్‌లో మాత్రం అది 49గా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ కెర్నల్ లోపలి లెక్క ఉంటుంది: 99లోంచి 50 తీసేస్తే 49. ఈ లెక్కలో అంకె చిన్నదైతే ప్రయారిటీ పెద్దది. మీ థ్రెడ్ ఎదురుచూస్తుండగా 49 లేదా అంతకంటే చిన్న అంకెతో ఇంకో థ్రెడ్ 20 మిల్లీసెకన్లు నడిచిందంటే కథ అక్కడితో తేలిపోయినట్టే. థ్రెడ్ నడుస్తూ మధ్యలో పక్కకు నెట్టబడితే, దాని పాత స్థితి ఆర్ ప్లస్ అని కనిపిస్తుంది. ఆ గుర్తు కోసం కూడా చూడండి.

థ్రెడ్ సమయానికే నడిచి, ఎస్‌పీఐ మెసేజ్ సబ్మిట్‌కీ స్టార్ట్‌కీ మధ్య గ్యాప్ ఉంటే కంట్రోలర్ సంగతి చూడాలి. అది పవర్ ఆదా కోసం పడుకుని, లేవడానికి టైమ్ తీసుకుంటోందా? పక్కనే ఆర్‌పీఎం రెజ్యూమ్ ఈవెంట్ ఉంటే అదే. మీ ప్రింట్‌కే కథకి ఇది బాగా అతుకుతుంది కూడా, ఎందుకంటే థ్రెడ్ పనిలో మధ్య మధ్య ప్రింట్లు దూరితే కంట్రోలర్ ఎప్పుడు నిద్రపోవాలన్న లెక్కే మారిపోతుంది. ఇది ఊహ మాత్రమే. ట్రేస్ చూడకుండా దీని మీద కోడ్ మార్చొద్దు.

ఇప్పుడు గంటకోసారి వచ్చే బగ్‌ని పట్టుకోవడం. బఫర్ మామూలు సైజు సీపీయూకి 1408 కిలోబైట్లు. షెడ్ స్విచ్ రికార్డు ఒకటి 64 బైట్లు, హెడర్‌తో కలిపి 68. ఆ లెక్కన అవి ఒక్కటే రాసినా సుమారు 21 వేలు పడతాయి. సెకనుకు 10 వేల స్విచ్‌లు జరిగే సీపీయూలో రెండు సెకన్ల చరిత్ర. గంటంతా పట్టే బఫర్ కోసం ప్రయత్నించొద్దు, అవసరం లేదు. బఫర్ మామూలుగా పాతదాన్ని చెరిపి కొత్తది రాసుకుంటూ పోతుంది. మీకు కావాల్సింది ఆలస్యం కనిపించిన వెంటనే దాన్ని ఆపేయడం. మీ యాప్‌కే ఆ సంగతి ముందుగా తెలుస్తుంది. శాంపిల్ లేటైందని గమనించిన వెంటనే అది ట్రేస్ మార్కర్ ఫైల్లో ఒక చిన్న మాట రాసి, ట్రేసింగ్ ఆన్ ఫైల్లో 0 రాయాలి. ఆ రెండు ఫైళ్లనూ యాప్ మొదట్లోనే తెరిచి ఉంచుకోండి. అంతే, బోర్డును అలా నడవనిచ్చి మీ పని మీరు చూసుకోవచ్చు. తిరిగొచ్చేసరికి చివరి రెండు సెకన్లు బఫర్లో భద్రంగా ఉంటాయి.

అలా మొదలుపెట్టే ముందు ట్రేస్ క్లాక్‌ని మోనోకి మార్చుకోండి. మామూలుగా ఉండే లోకల్ క్లాక్ వేగమైనదే కానీ సీపీయూల మధ్య కచ్చితంగా కలిసి నడుస్తుందన్న హామీ లేదు. మీ గొలుసు ఒక సీపీయూ నుంచి ఇంకోదానికి దూకవచ్చు. పైగా మోనో అయితే మీ యాప్ తీసుకునే మోనోటానిక్ టైమ్‌తో నేరుగా సరిపోల్చుకోవచ్చు. ఇంకో మాట: షెడ్ స్విచ్ మీద మీ థ్రెడ్ పిడ్ (గుర్తింపు సంఖ్య) తో ఫిల్టర్ పెట్టొద్దు. రికార్డులు తగ్గుతాయి నిజమే, కానీ దోషి పేరు తెలియకే కదా వెతుకుతున్నారు, ఫిల్టర్ ముందుగా దాచేది ఆ పేరునే. ఇంటరప్ట్ ఈవెంట్‌కి మాత్రం మీ ఐఆర్‌క్యూ నంబరుతో ఫిల్టర్ పెట్టుకుంటే మంచిది.

ఇంత చేశాక కూడా డ్రైవర్ లోపలి విషయం తెలియాల్సి వస్తే, అప్పుడు సొంత ట్రేస్‌పాయింట్. ఎక్కడ పెట్టాలి? ఫంక్షన్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి పెట్టుకుంటూ పోవద్దు. ఫంక్షన్ ఎంట్రీలను ఫంక్షన్ ట్రేసర్ ఏ కోడ్ మార్పూ లేకుండా చూపిస్తుంది. ట్రేస్‌పాయింట్ పెట్టాల్సింది డ్రైవర్ ఒక నిర్ణయం తీసుకున్న చోట, లేదా పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారే చోట. మీ కేసులో అవి మూడు: సెన్సర్ ఫైఫో (శాంపిల్స్ నిల్వ ఉండే క్యూ) స్థాయి చదివి ఎన్ని శాంపిల్స్ లాగాలో తేల్చే చోటు, శాంపిల్‌ని క్యూలో పెట్టే చోటు, ఓవర్‌ఫ్లో అనుకుని పారేసే చోటు. పారేసే చోటు అన్నిటికంటే ముఖ్యం, అక్కడ కారణాన్ని కూడా ఒక అంకెగా రాయండి. నెట్‌వర్క్ కోడ్‌లో ప్యాకెట్ పారేసినప్పుడు వచ్చే కేఫ్రీ ఎస్‌కేబీ ఈవెంట్‌కి 5.17 కెర్నల్‌లో రీజన్ అనే ఫీల్డ్ చేర్చారు. అంతకుముందు ప్యాకెట్ ఎక్కడ పోయిందో తెలిసేది, ఎందుకు పోయిందో కోడ్ చదివి ఊహించాల్సి వచ్చేది. ఒక్క ఫీల్డ్ వల్ల ఎంత పని తప్పిందో నెట్‌వర్క్ సమస్యలు చూసేవాళ్లకు బాగా తెలుసు.

ప్రతి రికార్డులో డివైస్ గుర్తు, శాంపిల్ వరస సంఖ్య తప్పకుండా ఉండాలి. వరస సంఖ్య ఉంటేనే ఒకే శాంపిల్‌ని మొదటి పాయింట్ నుంచి చివరిదాకా దారంలా పట్టుకుని వెళ్లగలరు. టైమ్ మీరు రాయక్కర్లేదు, అది బఫర్ రాస్తుంది. కస్టమర్ అసలు డేటాని మాత్రం రికార్డులో పెట్టొద్దు. ట్రేస్ ఫైళ్లు ఈమెయిల్స్‌లో ఎక్కడెక్కడికో వెళ్తాయి.

రాసే విధానం స్టీవెన్ రోస్టెట్ 2009లో తెచ్చిన ట్రేస్ ఈవెంట్ మాక్రోతో ఉంటుంది. దానికి ముందు మాథ్యూ డెనోయర్స్ చేసిన మార్కర్స్ ఉండేవి, 2.6.24లో వచ్చాయి. అవి కోడ్ మధ్యలో ప్రింట్‌కే లాగే ఫార్మాట్ స్ట్రింగులతో ఉండేవి కాబట్టి సబ్‌సిస్టమ్ మెయింటైనర్లకు నచ్చలేదు. ఆయనే 2.6.28లో టైపులు సరిచూసే ట్రేస్‌పాయింట్లు తెచ్చారు, 2.6.32 నాటికి మార్కర్స్ పూర్తిగా పోయాయి. మాక్రోలో మూడు ముఖ్యమైన భాగాలున్నాయి: రికార్డులో ఏ ఫీల్డులున్నాయి, వాటిని ఎలా నింపాలి, చదివేటప్పుడు ఎలా ప్రింట్ చేయాలి. నింపే భాగం ఈవెంట్ జరిగిన క్షణంలో నడుస్తుంది. ప్రింట్ భాగం ఎవరైనా ఫైలు చదివినప్పుడు నడుస్తుంది, అది గంట తర్వాత కావచ్చు. కొత్తవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఈ తేడాయే. స్ట్రక్చర్‌కి పాయింటర్ ఒకటి రికార్డులో దాచి, ప్రింట్ భాగంలో దాని లోపలి ఫీల్డ్ చదివితే, అప్పటికి ఆ మెమరీ ఎప్పుడో ఫ్రీ అయిపోయి ఉండవచ్చు. బాగా నడుస్తున్న సిస్టమ్, ఎవరో ట్రేస్ ఫైల్‌ని క్యాట్ కమాండ్‌తో చదివినందుకు క్రాష్ అవుతుంది! కావాల్సిన విలువనీ, పేర్లలాంటి స్ట్రింగులనీ నింపే దశలోనే కాపీ చేసుకోండి.

ఆ నింపే కోడ్‌లో నిద్రపోయే పని ఏదీ చేయకండి, లాక్ తీసుకోవద్దు, ఎస్‌పీఐ మీద రిజిస్టర్ చదవడం అసలే వద్దు. డ్రైవర్ అప్పటికే చదివి పెట్టుకున్న విలువనే రాయండి. ట్రేస్‌పాయింట్‌కి ఇచ్చే ఆర్గ్యుమెంట్ లెక్కగట్టడం ఖరీదైతే ఇంకో జాగ్రత్త: ఈవెంట్ ఆఫ్‌లో ఉన్నా ఆ లెక్క ముందే జరిగిపోవచ్చు. నాప్ దాటాక మాత్రమే లెక్క జరగాలంటే, ప్రతి ఈవెంట్‌కీ పేరు చివర ఎనేబుల్డ్ అని తగిలించి వచ్చే ఫంక్షన్ ఒకటుంటుంది, దాన్ని ఇఫ్‌లో పెట్టి లోపల లెక్క వేయండి. ఒకే ఫీల్డులున్న ఈవెంట్లు రెండు మూడు ఉంటే ఈవెంట్ క్లాస్‌గా కలపండి. ఒక్కో పూర్తి ఈవెంట్ కొన్ని కిలోబైట్ల మెమరీ తింటుంది, మీలాంటి చిన్న బోర్డులో అది పట్టించుకోవాల్సిన విషయమే.

మీ డ్రైవర్ కెర్నల్ సోర్స్ బయట మాడ్యూల్‌గా ఉందన్నారు. దాని లైసెన్స్ ప్రొప్రైటరీ అని రాసి ఉంటే కెర్నల్ ఆ మాడ్యూల్ ట్రేస్‌పాయింట్లను నమోదు చేసుకోదు. మాడ్యూల్ లోడ్ అవుతుంది, డ్రైవర్ నడుస్తుంది, ఈవెంట్లు మాత్రం పనిచేయవు. జీపీఎల్ అయితే సోర్స్ బయట ఉన్నా, సంతకం లేకపోయినా ఇబ్బంది లేదు. క్రియేట్ ట్రేస్ పాయింట్స్ అనే డిఫైన్ కచ్చితంగా ఒకే ఒక్క సీ ఫైల్లో ఉండాలి, హెడర్ ఎక్కడుందో మేక్‌ఫైల్‌లో ఇంక్లూడ్ దారిగా చెప్పాలి. లింక్ ఎర్రర్లు వస్తే తొంభై పాళ్లు ఇదే కారణం.

కస్టమర్ దగ్గర ఉన్న బోర్డులో కెర్నల్ మార్చే వీలు లేకపోతే కేప్రోబ్‌లు (నడుస్తున్న కెర్నల్‌లో అప్పటికప్పుడు పెట్టే నమోదు చోట్లు) ఉన్నాయి, 2.6.9 నుంచీ. ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరైనా పెట్టొచ్చు, ఆర్గ్యుమెంట్లు రిజిస్టర్లలోంచి లాగొచ్చు. అయితే ఫంక్షన్ మధ్యలో పెడితే బ్రేక్‌పాయింట్ ట్రాప్ ఖర్చు పడవచ్చు. కంపైలర్ ఇన్‌లైన్ చేసేసిన (పిలిచిన చోటే కలిపేసిన) ఫంక్షన్ దొరకదు. రేపు కోడ్ మారితే మీ స్క్రిప్ట్ చెప్పాపెట్టకుండా తప్పు విలువలు చూపించవచ్చు. నా అలవాటు ఏమిటంటే, ముందు కేప్రోబ్‌తో ఆ చోటు నిజంగా ఉపయోగమా కాదా తేల్చుకుంటాను. మళ్లీ మళ్లీ అదే చోటు చూడాల్సి వస్తే అప్పుడు ట్రేస్‌పాయింట్‌గా కోడ్‌లో స్థిరం చేస్తాను. ట్రేస్ ప్రింట్‌కే అనే ఫంక్షన్ కూడా ఉంది, ప్రింట్‌కే లాగే రాసుకోవచ్చు, రింగ్ బఫర్‌లోకే పోతుంది. మీ టేబుల్ మీద వెతుకులాటకి దానికి మించింది లేదు. కానీ బూట్‌లో అది పెద్ద పెట్టె గీసి మరీ ఇది డీబగ్ కెర్నల్, ప్రొడక్షన్‌కి సురక్షితం కాదు అని హెచ్చరిస్తుంది. కస్టమర్‌కి వెళ్లే బిల్డ్‌లో ఒక్కటి కూడా మిగలకూడదు.

స్థిరం చేసే ముందు ఒక్కసారి ఆలోచించండి, ఎందుకంటే దాని మీద ఎవరో ఒకరు టూల్ రాస్తారు. 2011లో బిగ్ కెర్నల్ లాక్‌ని (కెర్నల్ అంతటికీ ఒకటిగా ఉండే పాత లాక్) తీసేశాక, ప్రతి ట్రేస్ రికార్డులోనూ ఉండే లాక్ డెప్త్ ఫీల్డ్‌కి అర్థం లేకుండా పోయింది, దాన్ని తొలగించారు. వెంటనే పవర్‌టాప్ (కరెంటు వాడకం చూపే టూల్) చెడిపోయింది, ఎందుకంటే అది ఫీల్డులు ఫలానా చోటే ఉంటాయని గట్టిగా నమ్మి చదివేది. చివరకు ఆ ఖాళీ చోటులో ఉత్త ప్యాడింగ్ పెట్టాల్సి వచ్చింది. ఇలాంటి బంధాలు పడతాయనే వీఎఫ్ఎస్ (ఫైల్ సిస్టమ్‌లన్నిటికీ ఉమ్మడి పొర) మెయింటైనర్ అల్ వైరో తన కోడ్‌లో ట్రేస్‌పాయింట్లు చాలా కాలం ఒప్పుకోలేదు. షెడ్యూలర్‌లో 5.3 నుంచి ఫైలు రూపంలో బయటికి కనిపించని ట్రేస్‌పాయింట్లు కొన్ని పెట్టారు, అవి మాడ్యూల్స్‌కే అందుతాయి. మీ డ్రైవర్ మీ చేతిలోనే ఉంది కాబట్టి మీకంత భయం అక్కర్లేదు. కానీ మీ టీమ్ రాసే టూల్ ప్రతి ఈవెంట్‌కీ ఉండే ఫార్మాట్ ఫైలు చదివి ఫీల్డులు వెతుక్కోవాలి, ఆఫ్‌సెట్లు కోడ్‌లో కొట్టేయకూడదు. లిబ్ ట్రేస్ఈవెంట్ లైబ్రరీ ఆ పని చేసిపెడుతుంది.

భద్రత గురించి: ట్రేస్ఎఫ్ఎస్ మామూలుగా రూట్‌కి మాత్రమే అందుతుంది, దాన్ని సడలించొద్దు. యాప్ రూట్‌గా నడవకపోతే, పైన చెప్పిన రెండు ఫైళ్లు తెరిచే చిన్న సహాయక ప్రోగ్రామ్ ఒకటి వేరుగా పెట్టుకోండి.

ముందు ఉన్న ఈవెంట్లతో ఒక ట్రేస్ పట్టండి. ట్రేస్ సీఎండీ టూల్‌లోని ఎక్స్‌ట్రాక్ట్ కమాండ్‌తో ఫైలుగా తీసి కెర్నల్‌షార్క్‌లో తెరిస్తే సీపీయూలవారీగా బొమ్మ కనిపిస్తుంది. మీ మార్కర్‌కి ముందు 30 మిల్లీసెకన్ల లైన్లు, మీ ఇంటరప్ట్ థ్రెడ్ పేరు, బోర్డులో ఎన్ని సీపీయూలు, కెర్నల్ వెర్షన్ ఇక్కడ పెట్టండి. గొలుసులో ఏ లింక్ దగ్గర గ్యాప్ ఉందో చూసి, సొంత ట్రేస్‌పాయింట్ అవసరమా లేక ప్రయారిటీనో పవర్ సెట్టింగో మారిస్తే సరిపోతుందా చెబుతాను.